నాలుగు గొంతుల పెట్టె

హార్మోనియంలో ప్రతి మెట్టుకూ దాని సొంత రీడు ఉంటుంది. సా నొక్కితే సా రీడు పలుకుతుంది, పా నొక్కితే పా రీడు. ఒకరి పని మరొకరు చేయరు, ఒకరి చోటు మరొకరు అడగరు. ఏ వ్యవస్థ అయినా అలాగే ఉండాలని చిన్నప్పటి నుంచీ నా అభిప్రాయం. అందువల్ల మూడు సప్తకాల మెట్లకు కేవలం నాలుగు గొంతులున్న వాద్యాన్ని నేనే తయారు చేయవలసి వచ్చినప్పుడు, ఏ వేలికి ఏ గొంతును అప్పగించాలన్న ప్రశ్న నన్ను చాలా కాలం కుదురుగా కూర్చోనివ్వలేదు.

అవి ఎనభైల చివరి సంవత్సరాలు. సూర్యాపేటలో ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ బోధించేవాణ్ని. ఇంట్లో ముందుగది నా ప్రయోగశాల. సోల్డరింగ్ ఐరన్ కుడివైపు, మీటరు ఎడమవైపు, వైర్లు రంగుల వారీగా గోడకు వేలాడుతూ ఉండేవి. నా భార్య ఆ గదికి వచ్చేటప్పుడు చీపురు గడప బయటే ఆనించి వచ్చేది. ఎందుకని అడిగితే, "ఇంట్ల అయితె ఊడుస్తరు. ఇది బడి గద" అనేది.

ఆ గదిలో నేను విడి విడి పలకలుగా ఒక వాద్యాన్ని కూర్చుకుంటూ ఉన్నాను. శబ్దాన్ని పుట్టించే పలక ఒకటి, ఆ శబ్దంలోని గరుకును వడకట్టే పలక ఒకటి, అది ఎంత త్వరగా లేవాలో ఎంత నెమ్మదిగా అణగాలో నిర్ణయించే పలక ఒకటి. ఈ మూడింటినీ పొట్టి వైర్లతో కలిపితే ఒక గొంతు తయారవుతుంది. వైర్లు మార్చి గుచ్చితే అదే గొంతు మరో తీరుగా పలుకుతుంది. విదేశీ పుస్తకాల్లో దీన్ని మాడ్యులర్ సింథసైజర్ అన్నారు. నాకు సంగీతం రాదు. ఒక వోల్టేజి పెరిగితే ఒక స్వరం పైకి పోవడంలోని క్రమం మాత్రం నన్ను ఆకట్టుకుంది. దానికి ఏదైనా ప్రయోజనం ఉండాలని అప్పటికి అనుకోలేదు.

ప్రయోజనం మిర్యాలగూడ నుంచి వచ్చింది.

నా భార్యకు అన్న, నాకు బావ, మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తా. పగలు ధాన్యం బస్తాల మధ్య ఉండేవాడు, శనివారం సాయంత్రం వాళ్ళ వీధి భజనకు పెద్ద. ఎడమ చేత్తో హార్మోనియం తిత్తి ఊపుతూ, కుడి చేత్తో మెట్లు నొక్కుతూ ఆయన పాట ఎత్తుకుంటే వీధి చివరి ఇంట్లో వంట చేసుకునే ఆడవాళ్ళు గరిటె పట్టుకునే వాకిట్లోకి వచ్చేవారట. ఆయనకు ఒక రోజు మిల్లులోనే ఎడమ పక్క పడిపోయింది. కొన్నాళ్ళు దవాఖానలో ఉన్నాడు. కాలు తిరిగి లేచింది, మాట తిరిగి వచ్చింది, చెయ్యి మాత్రం సగమే వచ్చింది. బరువు మోపగలడు, త్వరగా ఎత్తలేడు.

తిత్తి ఊపే చెయ్యి లేనందువల్ల పాట కూడా ఆగిపోయింది. భజనలో మరొకరు హార్మోనియం పట్టారు. మా బావ వెనక వరుసలో చాప మీద కూర్చొని నోరు విప్పకుండా లేచి వచ్చేవాడు. కొన్ని వారాలకు వెళ్ళడమే మానుకున్నాడు. హైదరాబాదు నుంచి ఎవరో కరెంటుతో మోగే శ్రుతిపెట్టె తెచ్చి ఇచ్చారు. ఒక పూట విని దాన్ని అల్మారా మీద పెట్టించాడు. "అది మోగుతనే ఉంటది. నేను పాడినా మోగుతది, సచ్చినా మోగుతది. నా సెయ్యి కింద లేని సా నాకెందుకు?" అన్నాడు.

నా భార్య ఊరుకోలేదు. ఒక సెలవు రోజున మేము వెళ్ళినప్పుడు తానే హార్మోనియం ముందుకు లాక్కొని కూర్చుంది.

"నేను గాలి పోస్త. నువ్వు వాయించు అన్నా."

ఆయన కుడి చెయ్యి మెట్ల మీద పెట్టాడు. ఆమె ఊపసాగింది. పాట మొదటి పాదం దాటకముందే ఆయన చెయ్యి తీసేశాడు.

"గాలి పోస్తున్నవా, దోశలు పోస్తున్నవా? నేను ఊపిరి పీల్సే కాడ ఒత్తుతున్నవ్, వదిలే కాడ ఆపుతున్నవ్."

"నీ ఊపిరి ఎప్పుడు పీలుస్తవో నాకెట్ల ఎరుక? జర ముందుగల్ల చెప్పు."

"పీల్సే ముందర ఎట్ల చెప్తనే? మాట్లాడాల్నంటె ఊపిరి వదలాలె గద!"

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగిన తరువాత ఆయన పెట్టె మూత వేసి, "ఇగ చాలు చెల్లే. పాట ఖతం అనుకో" అన్నాడు. మాట మామూలుగానే అన్నాడు. నా భార్య మాత్రం సూర్యాపేట బస్సులో దారి పొడుగునా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇల్లు చేరాక చీపురు పక్కన పెట్టకుండానే నా ముందుగదిలోకి వచ్చి అడిగింది: "మీ పెట్టెకు గాలి అక్కర లేదు గద?"

అక్కర లేదు. అంతవరకు అది నాకు తట్టకపోవడమే వింత.

మెట్ల వరుస కోసం కోదాడ వెళ్ళాను. అక్కడ బజారు వెనక ఒక హార్మోనియం మరమ్మతుదారు ఉండేవాడు. పాత పెట్టెలు విప్పి, పనికివచ్చేవి వేరుచేసి అమ్మేవాడు. నాకు కావలసింది విన్నాక కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకొని చూశాడు.

"మెట్లు కావాలి, రీడ్లు ఒద్దు. తిత్తి కూడా ఒద్దంటారు. మరి పెట్టె ఎట్టా పలుకుద్దండీ?"

"కరెంటుతో పలుకుతుంది."

"రీడ్లు తీసేసిన పెట్టె బియ్యం పోసుకోడానికే పనికొచ్చుద్ది. పోన్లెండి, మాస్టారు అడిగారు గనక ఇస్తా. పలికితే మాత్రం ఒకసారి ఇటు తెచ్చి చూపించండి. పలక్కపోతే తేవద్దు, నా పేరు పోద్ది."

ఆ మెట్ల కింద రాగి రేకులు అమర్చాను. మెట్టు నొక్కితే రెండు రేకులు కలుస్తాయి. ఏవి కలిశాయో చూసి, ఏ స్వరమో తేల్చి, ఏదో ఒక గొంతుకు తగిన వోల్టేజి పంపే పని కాలేజీలో వాడక మానేసిన మైక్రోప్రాసెసర్ కిట్‌కు అప్పగించాను. దాన్ని రాతపూర్వకమైన అనుమతితోనే ఇంటికి తెచ్చుకున్నాను. గొంతులు నాలుగు చేయగలిగాను. ఐదోదానికి ముందుగది బల్ల మీద చోటు లేదు.

ఇక అసలు ప్రశ్న మొదలైంది. హార్మోనియంలో లేని ప్రశ్న ఇది. ఇక్కడ ఏ గొంతూ ఏ మెట్టుకూ సొంతం కాదు. నలుగురు నటులున్న నాటక సమాజం పెద్ద నాటకం ఆడినట్టు, ఎవరు ఖాళీగా ఉంటే వారికి వేషం వేయాలి. ఒక మెట్టు నొక్కితే ఎవరిని పిలవాలి? వేలు తీసిన తరువాత కూడా శబ్దం కాసేపు తోకలా సాగుతుంది. ఆ తోక సాగుతున్నంతసేపూ ఆ గొంతు ఖాళీ అయినట్టా, కానట్టా? నలుగురూ పనిలో ఉండగా మరో మెట్టు నొక్కితే ఎవరిని దింపాలి?

నేను చాలా ఆలోచించి ఒక నియమావళి రాసుకున్నాను. ఖాళీగా ఉన్న గొంతులు వరుసగా తమ వంతు తీసుకోవాలి. తోక సాగుతున్న గొంతు పనిలో ఉన్నట్టే లెక్క, ఎందుకంటే తోక మధ్యలో తెగితే 'టప్' మన్న చప్పుడు వస్తుంది. ఖాళీ లేనప్పుడు, అందరికంటే ముందు మొదలుపెట్టినవాడు దిగిపోవాలి. పుస్తకంలోనూ అదే చెప్పారు. ముందు వచ్చినవాడు ముందు వెళ్ళడం న్యాయమే కదా అని నాకూ నచ్చింది.

ఆ నియమాలను మిర్యాలగూడ వెళ్ళి బావకు వివరించాను. ఆయన వరండాలో కూర్చొని ఒంటి చేత్తో పల్లికాయలు ఒలుస్తున్నాడు.

"ఎడమ చెయ్యి ఎత్తనవసరం లేదు బావా. సా మీద మోపి ఉంచితే చాలు. కుడిచేత్తో పాట వాయించుకోవచ్చు. నాలుగు గొంతులు ఉంటాయి."

"మెట్లు గన్ని ఉంటె గొంతులు నాలుగేనా? పిసినారి పెట్టెనే చేసినవ్ లెక్చరర్ సాబ్." వరసకు నేను ఆయనకూ బావనే, కాని నన్ను బావా అని పిలవడం తక్కువ. ఎగతాళికి లెక్చరర్ సాబ్ అనేవాడు.

"వంతుల మీద పనిచేస్తాయి."

ఆయన చెయ్యి ఆగింది. "వంతుంటదా?"

"ఉండకపోతే ఎట్లా? దాని మీదనే మొత్తం నడిచేది."

"నిజంగ వంతుంటదా దాంట్ల?"

"వంతు లేకుండా ఒక్క స్వరం కూడా పలకదు."

ఆయన ముఖంలో వెలుగు రావడం నేను చూశాను. నా నియమావళి ఆయనకు అంతగా నచ్చినందుకు సంతోషించాను కూడా. "గట్లయితె వస్త. ఒక్కసారి కూసుంట. గిది గూడ కాకుంటె ఇగ నన్ను పాడుమని ఎవ్వలు అడగొద్దు, నువ్వు గానీ, చెల్లె గానీ" అన్నాడు.

నా భార్య ఆ మాటను గట్టిగా పట్టుకుంది. ఆ తరువాత రోజుల్లో కాఫీ ఇచ్చినప్పుడల్లా ఒకటే అడిగేది: "పక్కా పలుకుతది గద? ఒక్కసారే అన్నడు." నేను నెమ్మదిగా ఆరోహణ, అవరోహణ వాయించి చూపేవాణ్ని. ఎడమ వేలి కింద సా నిలకడగా ఉండేది, కుడిచేతి స్వరాలు ఒక్కొక్కటే పలికేవి. ప్రతి గొంతు పలక మీదా ఒక చిన్న ఎర్ర బల్బు పెట్టాను, ఏది పనిలో ఉందో తెలియడానికి. మొదటిది వెలుగుతూనే ఉండేది, మిగిలిన మూడూ వంతుల వారీగా వెలిగి ఆరేవి. లోపం ఎక్కడా కనిపించలేదు.

బావ సూర్యాపేట వచ్చాడు. కోదాడ మెట్లను ముందు వేళ్ళతో తడిమి, "పాత చెక్క. మంచిగున్నది" అన్నాడు. ఎడమ చేతిని కుడిచేత్తో పట్టుకొని తెచ్చి సా మీద మోపుకున్నాడు. గది నిండా సా లేచింది. ఆయన కళ్ళు మూసుకొని కొంతసేపు వింటూ ఉండిపోయాడు. తరువాత కుడి చెయ్యి కదిలింది, గొంతు విప్పాడు. ఎన్నో నెలల తరువాత పాడుతున్నాడు. మొదట బొంగురుగా వచ్చింది, తరువాత తేరుకుంది. నా భార్య వంటింటి గడప దగ్గర నిలబడిపోయింది.

పల్లవి రెండోసారి ఎత్తుకున్నప్పుడు ఆయన అలవాటుగా వేళ్ళను గబగబా పరుగెత్తించాడు. ఒక స్వరం తోక సాగుతుండగా ఇంకొకటి, దాని మీద మరొకటి. ఒక్క క్షణంలో సా మాయమైంది. వేలు మెట్టు మీదనే ఉంది, శబ్దం లేదు. ఆయన పాట తూలి, కింద స్వరం వెతుక్కొని, దొరకక ఆగిపోయింది.

"నా సా ఏడవాయె?"

"కొత్త స్వరానికి గొంతు కావలసి వచ్చింది బావా. అందరికంటే ముందు నుంచి ఉన్నది దిగిపోయింది. చెయ్యి ఒకసారి ఎత్తి మళ్ళీ నొక్కితే..."

"ఎత్తి నొక్కొస్తె నీ పెట్టె ఎందుకు? మొదలు వచ్చి కూసున్నోణ్నే మొదలు ఎల్లగొడ్తదా ఇది? వంతుంటదన్నవ్!"

"ఉంది కదా. వంతు ప్రకారమే దిగింది."

"వంతుంటె దిగుడేంది?"

ఇద్దరమూ ఒకరినొకరు చూసుకున్నాం. నేను చెప్పేది ఆయనకు అర్థం కావడం లేదని నేను, ఆయన అడిగేది నాకు అర్థం కావడం లేదని ఆయన. ఆయన కుడిచేత్తో ఎడమ చేతిని మెట్ల మీద నుంచి తీసి ఒడిలో పెట్టుకున్నాడు. అన్నం తిని, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయాడు. 

నా భార్య గిన్నెలు కడగడం ముగించింది. తరువాత చేతులు తుడుచుకొని వచ్చింది.

"మీరు ఆయనకు ఏమని చెప్పిండ్రు? అదే మాట చెప్పుండ్రి."

"గొంతులు వంతుల మీద పనిచేస్తాయని చెప్పాను. వంతుంటదా అని అడిగాడు. ఉంటుందన్నాను."

"అయ్యో! మా అన్న అడిగింది వంతు కాదండీ. వంత. వంత ఉంటదా అని అడిగిండు."

మా బావ వయసులో ఉన్నప్పుడు బుర్రకథ దళంలో వంతగా తిరిగాడని అప్పుడే తెలిసింది. తుంగతుర్తి వైపు ఊళ్ళన్నీ తిరిగారట. కథకుడు నడుమ నిలబడి కథ నడుపుతుంటే, వంత పక్కన ఉండి అందుకుంటాడు. కథకుడు ఊపిరి పీల్చుకునే చోట పాట కింద పడకుండా నిలబెట్టేది అతనే. కథకుడు ఎన్ని వేషాలు మార్చినా వంత వేదిక దిగడు. భజనలోకి వచ్చిన తరువాత కూడా మా బావ హార్మోనియంలో ఎడతెగకుండా మోగే సా ను 'నా వంత' అనేవాడట. నా భార్యకు అది ఇంటి మాట కాబట్టి చెప్పవలసిన అవసరం ఉందని తోచలేదు.

నేను వ్యాకరణం శ్రద్ధగా చదువుకున్నవాణ్ని. వంత పక్కన 'ఉంటది' చేరితే చివరి అకారం లోపిస్తుంది. వంతు పక్కన చేరితే ఉకారం లోపిస్తుంది. రెండు దారుల్లోనూ మిగిలేది 'వంతుంటది' ఒక్కటే. ఒకే మాటను అటూ ఇటూ అనుకొని మేమిద్దరం పూర్తి అంగీకారానికి వచ్చాం. నవ్వు వచ్చింది కాని, నవ్వే సమయం కాదు. ఆయన ఒక్కసారే కూర్చుంటానన్నాడు, కూర్చున్నాడు, అయిపోయింది.

"మీరు వంత పెట్టుండ్రి. మా అన్నను తెచ్చే పని నాది" అన్నది నా భార్య.

పుస్తకం తీసి మళ్ళీ చదివాను. ముందు మొదలైనవాడు ముందు దిగాలని ఆ పుస్తకం ఎందుకు చెప్పిందన్నదే ఇప్పుడు నా కుతూహలం. అది పియానో వంటి వాద్యాన్ని మనసులో పెట్టుకొని రాసినది. అక్కడ మెట్టు నొక్కిన క్షణం నుంచే శబ్దం అణగడం మొదలవుతుంది. అందువల్ల అందరికంటే పాత స్వరం అందరికంటే సన్నగా ఉంటుంది. దాన్ని దింపినా చెవి పట్టించుకోదు. మన పాటలో అన్నిటికంటే పాత స్వరం అన్నిటికీ ఆధారం. మిగిలినవి వస్తాయి, పోతాయి, దాన్ని తాకి చూసుకుంటాయి. వాళ్ళ పాటకు సరిపోయిన న్యాయాన్ని నేను మా బావ పాటకు తెచ్చి పెట్టాను. నియమంలో తప్పు లేదు, అది పుట్టిన ఇల్లు వేరు.

కొత్త నియమావళి రాశాను. ఎడమ చివరి సప్తకంలో ఏ మెట్టు నొక్కినా మొదటి గొంతు మాత్రమే పలుకుతుంది. ఆ గొంతును మరెవరూ అడగడానికి వీల్లేదు. అది వంత. మిగిలిన మూడు గొంతులూ కుడిచేతివి, అవి వంతులవి. దింపవలసి వస్తే ఆ మూడింటిలోనే పాతదాన్ని దింపాలి. తోక తెగినప్పుడు వచ్చే 'టప్' శబ్దాన్ని, దింపే ముందు ఆ గొంతును చిటికెలో అణచి పోగొట్టాను.

ఈ ఏర్పాటు వల్ల అనుకోని మరో మేలు జరిగింది. ఎండాకాలంలో సూర్యాపేటలో మధ్యాహ్నానికి పలకలు వేడెక్కి ఒక్కో గొంతు ఒక్కో తీరుగా జారేది. గొంతులు మారుతున్నంతకాలం, ఒకే సా ఒక్కోసారి ఒక్కోలా వినిపించి నేను తికమకపడేవాణ్ని. ఇప్పుడు సా ఎప్పుడూ ఒకే గొంతుది కాబట్టి, ఆ ఒక్క పలకను ట్రాన్స్‌ఫార్మర్ వేడికి దూరంగా అట్టడుగున బిగించి, దాన్నే ప్రమాణంగా పెట్టుకొని మిగిలిన మూడింటినీ సరిచేశాను.

పెట్టెను ఈసారి మేమే మిర్యాలగూడ తీసుకువెళ్ళాం. నా భార్య అన్నతో ఏం మాట్లాడిందో నాకు తెలియదు. వరండాలో నుంచి వినపడిన చివరి మాటలు మాత్రం ఇవి.

"ఒక్కసారే కూసుంట అన్నవ్ గద, అప్పుడు వంత లేనే లేకపాయె. లేనిదాని ముందర కూసున్నది లెక్కల్కి ఎట్లొస్తది?"

"నువ్వు గూడ లెక్చరర్‌వే అయినవే!"

ఆయన వచ్చి కూర్చున్నాడు. వేళ్ళను ఎంత పరుగెత్తించినా సా కదలలేదు. కాని మరో చిక్కు బయటపడింది. ఆయన చెయ్యి సన్నగా వణికేది. వణికినప్పుడు రాగి రేకులు లిప్తకాలం విడిపోయి కలిసేవి. యంత్రానికి అది మెట్టు వదిలి మళ్ళీ నొక్కినట్టే. సా తడబడుతూ తెగి తెగి మోగింది.

"వంతకు నత్తి వచ్చింది సారూ" అన్నాడు. కోపంగా కాదు. ఆయనకు కూడా ఇప్పుడు అది ఎట్లా పనిచేస్తుందో చూడాలని బుద్ధి పుట్టింది. పెట్టె వెనక్కి వంగి బల్బులు, ఆయన మాటలో బుగ్గలు, చూస్తున్నాడు.

"వేలు లేచినట్టు కనపడగానే ఆపకుండా, కాసేపు ఆగి చూడమని చెప్పాలి" అన్నాను.

"ఎంతసేపు?"

నాకు తోచినంత ఎక్కువ వ్యవధి పెట్టి చూపించాను. ఆయన పాట ముగించి చెయ్యి తీసిన తరువాత కూడా సా మోగుతూ కూర్చుంది. "ఇది ఆ అల్మారా మీది పెట్టెకు తమ్ముడు. నేను లేచినంక గూడ మాట్లాడ్తది" అన్నాడు. తగ్గించాను. వణికితే మళ్ళీ తెగింది. ఎంత ఉండాలో కొలమానం లేక నేను ఒక్కో విలువే మార్చి చూస్తుంటే, ఆయనే అన్నాడు.

"వంత ఎంతసేపు ఆగుతడో తెల్వదా? కథకుడు ఊపిరి పీల్సి మళ్ల అందుకునేదాక. గంతే. గంతకన్న ఎక్కువ పాడితె కథకుడు కొడ్తడు, తక్కువ పాడితె జనం కొడ్తరు."

"అయితే మీరు ఊపిరి పీల్చి చూపించండి."

ఆయన పాట మధ్యలో పీల్చే తీరుగా గట్టిగా పీల్చాడు. నేను గడియారం చూశాను. నా భార్య పక్కనుంచి, "అప్పుడు ముందుగల్ల చెప్పుమంటె చెప్పలే, ఇప్పుడు కొలిచి ఇస్తున్నడు" అన్నది. ఆ ఊపిరి వ్యవధినే కిట్‌లో ఎక్కించాను. వంత మెట్టు వదిలితే అంతసేపు సా నిలుస్తుంది. ఆలోపు అదే మెట్టు తగిలితే ఏమీ జరగనట్టు సాగుతుంది. ఆలోపు ఆ సప్తకంలో మరో మెట్టు తగిలితే, అదే గొంతు నడుమ ఖాళీ లేకుండా ఆ స్వరానికి మారుతుంది. ఏదీ తగలకపోతే ఆగిపోతుంది. కరెంటు పోయినప్పుడల్లా అంకెలు మళ్ళీ నొక్కనవసరం లేకుండా ఆ ప్రోగ్రామును చెరగని చిప్‌లోకి ఎక్కించిన తరువాతే, ఇది పెట్టె అని చెప్పుకోవడానికి ఒప్పుకున్నాను.

ఇక మిగిలింది వీధి. ఇంట్లో పాడడం వేరు, తన చోటుకు తాను తిరిగి వెళ్ళడం వేరు. ఆయన చాలా శనివారాలు ఏదో ఒక సాకు చెప్పాడు. తొంభైల్లోకి వచ్చిన తరువాత ఒక శనివారం, పెట్టెను మోసుకురమ్మని కబురు పంపాడు.

భజనలో జనం పక్కకు జరిగి చోటిచ్చారు. ఒకాయన పెట్టె చూసి, "ఇదేంది, రేడియోనా? వార్తలు ఎన్ని గంటలకు?" అన్నాడు. బావ, "నువ్వు తాళం తప్పినప్పుడు నీ పేరు చెప్తది, ఇను" అన్నాడు. నవ్వులు ఆగాక సా లేచింది.

మొదటి పాటలన్నీ సాఫీగా నడిచాయి. ఆయన గొంతు మునుపటంత పైకి పోవడం లేదని ఆయనకూ తెలిసింది, వినేవాళ్ళకూ తెలిసింది.  తరువాత ఆయన ఒక తత్వం ఎత్తుకున్నాడు. నా భార్య నా మోచెయ్యి పట్టుకుంది. "ఇది మధ్యమంల పాడుతరు" అన్నది నెమ్మదిగా. ఆధారం సా నుంచి మధ్యమానికి మారాలి. అంటే ఎడమ చెయ్యి మెట్టు విడిచి పక్కకు జరగాలి. కుడి చెయ్యి పాటలో ఉంది, దాన్ని పట్టుకొని తీసుకుపోయేవాళ్ళు లేరు. ఇంట్లో ఒక్కసారి కూడా ఆయన ఈ పని ప్రయత్నించి చూడలేదు.

వంత తెగితే ఆయన ఆగిపోతాడని నాకు తెలుసు. ఈసారి వీధి వాళ్ళందరి ముందు ఆగిపోతే మరో శనివారం ఉండదు.

మణికట్టు ముందు లేచింది. వేళ్ళు ఒక్కొక్కటిగా దాని వెంట వచ్చాయి. సా మీద ఏ వేలూ లేదు. మొదటి ఎర్ర బల్బు వెలుగుతూనే ఉంది. ఆయన ముందు పాదం చివర ఊపిరి తీసుకున్నాడు. చెయ్యి నడుమ మెట్ల మీద గాలిలో వణుకుతూ, నీళ్ళలో నడిచే మనిషిలా జరుగుతోంది. నేను రాసిన నియమంలో ఆ ఊపిరి అయిపోతే సా ఆగాలి. మరికొంచెం ఇచ్చి ఉండవలసిందా అనుకున్నాను. ఎక్కువ ఇస్తే ఆయన ఒప్పుకునేవాడా అని కూడా అనుకున్నాను. చెయ్యి వాలింది. మధ్యమం లేచింది. నడుమ వెంట్రుకవాసి ఖాళీ కూడా వినపడలేదు. ఆయన అదే ఊపిరితో తరువాతి పాదం అందుకున్నాడు, వీధి మొత్తం ఆయన వెనక అందుకుంది. ఆ చెయ్యి అంత దూరం జరగడం, ఆ పాటలో ఉన్నవాళ్ళలో నాకూ నా భార్యకూ తప్ప ఎవరికీ తెలియలేదు.

తరువాతి చరణంలో మళ్ళీ సా కు రావాలి. నేను ముందుకు వంగి మొదటి బల్బు వైపే చూస్తున్నాను. బావ పాట ఆపకుండా, జనం అందుకున్న సందులో తల నా వైపు తిప్పాడు.

"బావా, ఆ బుగ్గలు సూసుడు బంద్ జెయ్యి. గా చిడతలు అందుకో."

చిడతలు అందుకున్నాను. నేను తాళం తప్పినప్పుడు ఆయన నా వైపు చూసి పాడాడు కాని, ఆగలేదు.